వంగిన గొట్టం

మా మేనల్లుడు డాలస్‌లో పెయింట్‌బాల్ ఆడతాడు. ఈ వారం కొత్త బ్యారెల్ కొన్నాడట. వీడియో పంపి, "మామయ్యా, ఇక ఎంత దూరాన ఉన్నా గురి తప్పేదే లేదు" అన్నాడు. దూరాన్నీ గురినీ ఒకే గాటన కట్టేవాళ్లంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవారికి చెప్పక్కర్లేదు. సిక్సర్ ఎన్ని మీటర్లు పోయిందో టీవీలో అంకె వేయడం మీద ఇక్కడే ఎన్నిసార్లు రుసరుసలాడానో!

వాడు కొన్నది టిప్‌మన్ వాళ్ల ఫ్లాట్‌లైన్. కొద్దిగా వంపున్న గొట్టం. పెయింట్‌బాల్ అంటే జెలటిన్ పెంకులో రంగు, సుమారు 17 మిల్లీమీటర్లు, 3 గ్రాములు. వేగం సెకనుకు 300 అడుగులు దాటనివ్వరు, ఒళ్లు దక్కాలి కదా. దూరం పెంచే ఆ దారి మూసేశాక మిగిలింది బంతిని తిప్పడమే. బంతి గొట్టం పైగోడను ఒరుసుకుంటూ దొర్లి, వెనక్కి తిరుగుతూ బయటపడుతుంది. ఆ తిరుగుడుకి గాలి దాన్ని పైకి నెడుతుంది. రాలిపోవాల్సిన బంతి ఇంకాస్త దూరం తిన్నగా పోతుంది.

దీనికి మాగ్నస్ ఎఫెక్ట్ అని పేరు. మాగ్నస్ అనే జర్మన్ ఆయన దీన్ని వివరించింది 1852లో. అంతకు నూరేళ్ల ముందే ఇంగ్లండ్‌లో బెంజమిన్ రాబిన్స్ తుపాకి గొట్టాన్నే వంచి చూపించాడు. గొట్టం చివర ఎడమకు వంచాడు, ఎదురుగా వరసగా పల్చటి కాగితపు తెరలు కట్టాడు, పేల్చాడు. గుండు మొదట ఎడమకే పోయింది, పోనుపోను కుడికి తిరిగింది. తెరల్లో చిల్లులే సాక్ష్యం. మేనల్లుడి గొట్టంలో జరిగేదీ ఇదే, కాకపోతే పక్కకు కాక నిలువునా. ఈ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు చక్కదిద్దడానికి మన కోరమండల్ తీరానికే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. వంచినవాడొకడు, పేరు కొట్టేసినవాడొకడు.

సరే, గురి. మార్కర్, అంటే పెయింట్‌బాల్ తుపాకి, నిటారుగా ఉంటేనే బంతి పైకి లేస్తుంది. ఆటలో ఎవడు నిటారుగా పట్టుకుంటాడు? బంకర్ చాటున ఒరిగి, పక్కకు తిప్పి కాలుస్తారు. తుపాకి ఎటు ఒరిగితే బంతి అటే వంగుతుంది. పైగా లోపలున్నది ద్రవం. పెంకు తిరిగినంత జోరుగా అది తిరగదు, పెంకునే వెనక్కి లాగుతుంది. అతుకు దగ్గర పెంకు సమంగా లేకపోతే మరో వంకర. ఇంతా చేసి అంత దూరం వెళ్లాక జోరు తగ్గి, తగిలినా పగలకుండా ఎగిరిపోయే బంతులే ఎక్కువ. పగలకపోతే అవుటే కాదు.

ఇదంతా వాడికి ఫోన్‌లో చదివాను. వాడు ఓపిగ్గా విని, "నేను వెనక వరసలో ఆడతాను మామయ్యా. తగలక్కర్లేదు. వాళ్లు తల ఎత్తకుండా ఉంటే చాలు, ఈలోగా మావాళ్లు ముందుకు పరిగెడతారు" అన్నాడు. తలకు రెండడుగుల పక్కన చెట్టుకు టప్పున ఏదో తగిలితే ఎవడైనా కిందికే వంగుతాడు. మామూలు గొట్టంతో అంత దూరం కొట్టాలంటే ఆకాశంలోకి ఎత్తి పేల్చాలి, కొమ్మలకు తగులుతుంది. అడవిలో ఆడేవాడికి ఈ గొట్టం ఖరీదు గిట్టుబాటే. రెండోది కొంటానంటే సగం డబ్బు నేనిస్తానన్నాను.