మైనం పోయి ఇత్తడి మిగిలె

బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల వెంట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు రాయ్‌గఢ్ పెద్ద దూరమేం కాదు. ఊళ్లోని కుదుదండ్‌లో పొద్దున్నే బయల్దేరి హౌరా వైపు బండెక్కితే మధ్యాహ్నంలోపే దిగొచ్చు. ఆ పక్కనే ఏక్‌తాల్ అనే ఊరు. ఝారా సముదాయంవాళ్లు ఇత్తడి పోతపోసే ఊరు. ఎగ్జిబిషన్లలో ఢోక్రా పేరుతో అమ్మే బొమ్మల్లో వీళ్ల చేతివీ ఉంటాయి.

వాటిలో ఒక ఏనుగును వెలుతుర్లో పెట్టి చూడండి. ఒళ్లంతా సన్నటి గీతలు. చెక్కినవి కావు, చుట్టినవి. మన్నులో ఊక, పేడ కలిపి ముందు లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి, సన్న బెజ్జాల్లోంచి జంతికల్లా ఒత్తి తీగలు తీస్తారు. ఆ తీగను ముద్దమీద వేలితో అదుముతూ, సందు లేకుండా వరసగా చుట్టుకుపోతారు. కన్ను, గంట, మెడలో గొలుసు అన్నీ మైనమే. ఓపికంతా ఇక్కడే ఖర్చవుతుంది. దానిమీద మెత్తటి మన్నుపూత. ఆ మొదటి పూత ఎంత నున్నగా పడితే గీత అంత తేటగా వస్తుంది. పైన ముతకమన్ను. కాలిస్తే మైనం కరిగిపోతుంది, అది ఖాళీ చేసిన దారిలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. ఇత్తడి సగంలో గడ్డకట్టిందా, పడ్డ పాటంతా తుక్కులోకి.

ఇదే విద్య మన ఆదిలాబాద్ వైపు ఉషేగాంలో ఓజాల చేతుల్లో ఉంది. గోండుల దేవతలకు కావలసిన సామాను తరతరాలుగా పోసిపెట్టింది వాళ్లే. ఆదిలాబాద్ ఢోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సముద్రం దాటినా ఈ విద్య కనిపిస్తుంది. నైజీరియాలో ఇగ్బోల ఊరు ఇగ్బో-ఉక్వు. 1938లో ఇంటి ఆవరణలో నీటితొట్టికి గొయ్యి తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. 1959లో పురావస్తు శాస్త్రవేత్త థర్స్టన్ షా తవ్వకాలు మొదలుపెట్టాడు. అవి 9వ శతాబ్దం నాటివని పండితుల లెక్క. వాటిలో ఒక కుండ చుట్టూ తాళ్ల వల అల్లి ఉంటుంది. తాడు, ముడి అంతా కంచే! మైనపు పోతలో అంతకు మించిన పనితనం నేను ఫొటోల్లో కూడా చూడలేదు.

సంప్రదాయాన్ని కాపాడితే దేశం ముందుకెళ్తుందని ఇక్కడా, అక్కడా సభల్లో చెబుతూనే ఉంటారు. కాపాడడమంటే మ్యూజియం అద్దాల వెనక పెట్టడమొక్కటే అయితే కొలిమి ఎప్పుడో చల్లారుతుంది. ఢోక్రావాళ్లు ఒకప్పుడు ధాన్యం కొలిచే పాత్రలు, దీపాలు, గజ్జెలు పోసేవాళ్లు. జనం వాడారు కాబట్టే విద్య నిలిచింది. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది తప్ప ఆర్డరు తెచ్చిపెట్టదు.

అందుకని రాయ్‌గఢ్ వెళ్తే బొమ్మతోపాటు ఒక దీపం కూడా కొనండి, ఇంట్లో వెలిగించండి. కొనేముందు ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి అచ్చూ పగిలేదే కాబట్టి, గీత గీతకూ అచ్చంగా ఒకటే అయితే అది ఢోక్రా కాదు.