తిప్పేసిన పేజీలు

నవల చదువుతుంటే మధ్యలో వర్ణన వస్తే మీరేం చేస్తారు? నిజం చెప్పండి. నేనైతే బి.ఏ. చదివే రోజుల్లో నిర్మొహమాటంగా పేజీలు తిప్పేసేదాన్ని. విక్టర్ హ్యూగో 1831లో రాసిన నోట్రడాం నవల అలాగే చదివాను. అందులో మూడో భాగమంతా ఆ చర్చి గోడలూ, తలుపులూ, బురుజులూ, దాని మీద నుంచి చూస్తే కనిపించే పారిస్ పట్టణమూను. కథ అంగుళం కదలదు. నాకు కావలసిందల్లా ఆ గూనివాడూ, ఆ ఎస్మెరాల్డా చివరికేమయ్యారన్నది. చర్చి గోడతో నాకేం పని?

ఈ మధ్య పూడిమడకలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి నాలుగు రోజులున్నాను. సముద్రపు హోరు తప్ప వేరే కాలక్షేపం లేదు. సంచిలో ఆ నవల ఒక్కటే ఉంది. ఈసారి మాత్రం ఆ పేజీలు తిప్పలేదు. ఒక్కో వాక్యం దగ్గరా ఆగి మరీ చదివాను. ఎందుకంటారా? ఆ చదువుకీ ఈ చదువుకీ మధ్య రెండు అగ్నిప్రమాదాలు జరిగాయి.

మొదటిది అందరికీ తెలిసిందే. 2019 ఏప్రిల్ 15న నోట్రడాం అంటుకుంది. పైకప్పు కింద ఓక్ దూలాల కట్టడం ఉండేది. ఎంత దట్టంగా ఉండేదో, దానికి ‘అడవి’ అనే పేరు. వందల ఏళ్ళ నాటి ఆ అడవి ఒక్క రాత్రిలో బూడిదైంది. శిఖరం విరిగి పడింది. వీధుల్లో జనం మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థనా గీతాలు పాడుతుంటే టీవీలో చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. మా వారు, “నువ్వెప్పుడు చూశావని ఏడుస్తున్నావు?” అన్నారు. సమాధానం తోచలేదు.

రెండోది మన ఇంటి సంగతే. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. అరవై రెండేళ్ళ నాటి టేకు రథం. నలభై అడుగుల ఎత్తు. మా అమ్మమ్మగారిది సఖినేటిపల్లి. చిన్నప్పుడు భీష్మ ఏకాదశికి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ రథోత్సవానికి వెళ్ళినదాన్ని. కరోనా రోజులు కావడంతో కదిలి వెళ్ళే వీలు లేదు. ఇంట్లో కూర్చునే ఏడ్చాను. ఈసారి మా వారేమీ అనలేదు.

మర్నాటి నుంచీ ఎక్కడ విన్నా ఒకటే మాట: ఎవరు తగలబెట్టారు? ఆందోళనలు, అధికారి మీద వేటు, సి.బి.ఐ. విచారణ జరపమని ప్రభుత్వమే కోరడం. అడగవలసిన ప్రశ్నే, కాదనను. కానీ పోయిన దాని సంగతో? దాని మీద ఏం చెక్కారు, ఎవరు చెక్కారు, ఎన్ని అంతస్తులు, ఏ బొమ్మ ఏ వైపుండేది? చావింట్లో పోయినావిడ గురించి ఒక్క మాటైనా అనుకోకుండా, వైద్యుడిది తప్పా, కొడుకుది తప్పా అని తగువులాడుకున్నట్టుంది మన శోకం.

కొత్త రథానికి 95 లక్షలు మంజూరు చేశారు. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి నాడు, అది ప్రారంభమైంది. ఆ వెంటనే వచ్చే భీష్మ ఏకాదశికి అందింది. అయిదున్నర నెలలు! నోట్రడాం తలుపులు మళ్ళీ తెరుచుకున్నది 2024 డిసెంబరు 7న. అంటే అయిదేళ్ళ పైమాటే. వాళ్ళది శ్రద్ధ, మనది తొందర అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఏడాది తిరక్కుండా పిల్ల పెళ్ళి చేసెయ్యాలంటారు మనవాళ్ళు. అది దుఃఖం లేక కాదు. స్వామి కల్యాణమూ అంతే, మన ఏడుపు తీరేదాకా ఆగదు. రథం కట్టిన వేగంలో నాకు తప్పు కనపడదు. తప్పల్లా కాలిపోక ముందు జరిగింది. అందులో నాకూ వాటా ఉంది.

ప్రమాదానికి కొన్నేళ్ళ ముందు ఒక నవల రాశాను. అందులో రథోత్సవం ఘట్టం ఉంది. దానికోసం పనిగట్టుకుని నరసాపురం రేవు దాటి అంతర్వేది వెళ్ళి, రథం చుట్టూ తిరిగి చూసి వచ్చి, రెండు పేజీల వర్ణన రాశాను. తిరగరాసేటప్పుడు కథ నడవడం లేదనిపించింది. “వర్ణనలు తగ్గించండి మేడమ్” అని ఉత్తరాలు రాసే పాఠకులూ గుర్తొచ్చారు. రెండు పేజీలూ కొట్టేసి, ‘రథం కదిలింది’ అని ఒక్క ముక్క ఉంచాను. చిత్తుప్రతి పాత కాగితాలవాడి తూకంలో పోయింది. రథం కాలిందని విన్న రాత్రి అటకంతా వెతికాను. దొరకలేదు.

అందుకే హ్యూగోని మళ్ళీ చదివాను. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపాలున్నాయి. చెప్పిన మాటే చెబుతాడు. చర్చి రాళ్ళ మీద చూపించినంత ప్రేమ ఆ ఎస్మెరాల్డా మీద చూపించలేదు. రాయికొక చరిత్ర ఇచ్చి, ఆ పిల్లకి అందమొక్కటే ఇచ్చాడు. కానీ ఆయన రాసేనాటికి ఆ చర్చి శిథిలంగా ఉండేది. పాత శిఖరం అప్పటికే తీసేశారు. కాలం చేసిన చెరుపు కంటే, విప్లవాలు చేసిన చెరుపు కంటే, బాగుచేస్తామని వచ్చినవాళ్ళు చేసిందే ఎక్కువని ఆయన తిట్టిపోశాడు. జనం నవల చదివి, తలెత్తి ఆ గోడల వంక చూశారు. 1844లో మరమ్మతులు మొదలయ్యాయి. వ్యొలే ల్యుద్యుక్ అనే వాస్తుశిల్పి కొత్త శిఖరం కట్టాడు. 2019లో కూలిందీ, మనం ఏడ్చిందీ ఆ శిఖరం కోసమే. మరో తమాషా చూశారూ? పుస్తకం వచ్చి కట్టడాన్ని చంపేస్తుందని అదే నవలలో హ్యూగో జోస్యం చెప్పాడు. ఆ జోస్యం తప్పని ఆయన పుస్తకమే రుజువు చేసింది. నేను తిప్పేసిన పేజీలే ఆ చర్చిని కాచాయి.

అయితే వర్ణన ఒక్కటే చాలదు. అగ్నికి అయిదేళ్ళ ముందు, 2014లో, ఇద్దరు వాస్తుశిల్పులు ఆ ‘అడవి’లోకెక్కి దూలాలన్నీ కొలిచి బొమ్మలు గీసి పెట్టారు. కాలిపోతుందని కాదు, అలా కొలవడం మంచిదని. ఆ కొలతల ప్రకారమే వడ్రంగులు గొడ్డళ్ళతో ఓక్ మానులు చెక్కి పైకప్పు నిలబెట్టారు. శిఖరం కొత్త తీరులో కట్టాలా, పాతదే కట్టాలా అని పెద్ద వాదం నడిచి, 2020లో పాతదే అని తేల్చారు. కొలతలు ఉన్నాయి కనక ఆ వాదానికి అర్థముంది. లేకపోతే ‘పాతది’ అన్నమాట ఎవరికి వాళ్ళ ఊహే కదూ?

మన దేశంలో ఈ సంగతి తెలియదని కాదు. పూరీలో జగన్నాథుడి రథాలు ఏటేటా కొత్తవే కడతారు. పాతది పోయిందని ఎవరూ ఏడవరు. కర్ర పోయినా కొలత పోలేదు, కొలత తెలిసిన వడ్రంగుల కుటుంబాలు పోలేదు.

పూడిమడకలో చేపలు తెచ్చే ముసలావిడతో ఈ మాటే అన్నాను. అంతర్వేది గుడి 1823లో కట్టించింది కొపనాతి కృష్ణమ్మ అని కూడా చెప్పాను. పేరు చూసి ఆడమనిషి అనుకునేరు, మగవాడే. మత్స్యకారుల ఇంట పుట్టినవాడు. గుడి దగ్గర ఆయన విగ్రహం ఉంది. ముసలావిడ బుట్ట దించి, “ఐతే మా సముద్రపోళ్ళే!” అని మురిసిపోయింది. తరవాత అంది కదా, “పాత నావ ఇప్పీసేముందు దానికి తాడట్టి కొలిసి, ముళ్ళేసి ఉంచీవోరమ్మా మావోళ్ళు. ఆ ముళ్ళు సూసే కొత్తది కట్టీవోరు. ఇప్పుడన్నీ ఫైబరు బోట్లేలెండి.”

“మరి ముందే కాలిపోతే?” అన్నాను.

“మా మావ ఉంటే ఆడి సేతికి తెలుసును. ఆడూ నేకపోతే ఇంకేటుంది? నావ నేనట్టే” అని, తూకం వేసి, డబ్బులు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మా నవల మళ్ళీ అచ్చు వేస్తామంటున్నారు. ఆ రెండు పేజీలూ తిరిగి రాద్దామని పూడిమడకలోనే కూర్చున్నాను. గుర్తున్నవి రెండే: చిన్నప్పుడు అరచేతిలో గరగరలాడిన తాడు, నా చెయ్యి వదలని అమ్మమ్మ చెయ్యి. చెక్కడాలు గుర్తు రావు. కొత్త రథం చూసి రాసి పాతదని నమ్మించడానికి మనసొప్పదు. అందుకని ‘రథం కదిలింది’ అన్న ముక్క అలాగే ఉంచేస్తున్నాను.

వచ్చే భీష్మ ఏకాదశికి మాత్రం నోటు పుస్తకం పట్టుకుని వెళతాను. ఈ కొత్త రథం బొమ్మలు వరసగా రాసుకుంటాను, చెక్కిన చేతులెవరివో అడిగి పేర్లూ రాసుకుంటాను. దాన్ని ఎప్పుడైనా నవలలో పెడితే, దయచేసి ఆ పేజీలు తిప్పెయ్యకండి.