రేవు అక్కర్లేని పడవ

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ ఒడ్డు ఒకచోట నిలిచి ఉండదు. ఇవి శ్రీశైలం జలాశయం నీళ్లే, అది నిండితే నీటిమట్టం 885 అడుగులు. వేసవికి నీళ్లు దిగిపోయి, మొన్నటి ఒడ్డు బీటలు వారిన ఒండ్రు మట్టి అవుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడేదీ అప్పుడే. ఇక్కడ మెట్లు కట్టినా నీళ్లు వాటిని వదిలేసి దూరం జరుగుతాయి. అలాంటి ఒడ్డుకు సరిపోయేది పుట్టి, వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. ఒక రాత్రి అక్కడ గుడారంలో పడుకుని, తెల్లారగానే దాన్ని నీళ్లలోకి దించడం దగ్గరుండి చూశాను.

రాత్రంతా పుట్టిని బోర్లించి ఉంచుతారు. అలా ఉన్నప్పుడే దాని అడుగు చూడాలి. పచ్చి వెదురును చీల్చిన దబ్బలను నేల మీద పరిచి, ఒకదాని కింద నుంచి ఒకటి పోనిచ్చి అల్లుతారు. బరువంతా పడేది నడుమ కాబట్టి అక్కడ అల్లిక దట్టం. దాని మీద బండరాళ్లు పెట్టి, దబ్బల కొసలను పైకి వంచి, అంచు చుట్టూ మరిన్ని దబ్బలు కలిపి బిగిస్తారు. అల్లికలో మేకు ఒక్కటీ లేదు. రాయి తగిలితే ఆ చోటు కాస్త లోపలికి ఒదిగి మళ్లీ పైకి వస్తుంది. బయటి తొడుగు ఒకప్పుడు తోలు. ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు కుట్టి, తారు కాచి పూస్తున్నారు. దానివల్ల పనితనం తగ్గిందని నేననుకోను. అసలు విద్య వెదురులో ఉంది.

పుట్టి నడిపే పెద్దాయన దాన్ని వీపు మీదికి ఎత్తుకుని, బురదలో కాలివేళ్లు పాతుకుంటూ దిగాడు. చీలమండ లోతులో వెల్లకిలా తిప్పి వదిలాడు. కాసేపు ఊరుకుని, లోపల అరచేత్తో తడిమాడు, చెమ్మ లేదు. మోకాటి లోతుకు లాక్కెళ్లాకే నన్ను పిలిచాడు. ఒడ్డునే ఎక్కితే మన బరువుకు అడుగు రాళ్లకు ఒరుసుకుని తారు లేచిపోతుంది.

“చెప్పులిడిసి రాండ్రి సారూ. నిలవడొద్దు, కింద కూసోండ్రి.”

నేను కూర్చున్న వైపుకు పుట్టి ఒరిగింది. ఆయన ఎదురుగా గొంతుకూర్చోగానే సమమైంది. తెడ్డును ముందుకు చాపి నీటిని తనవైపు లాక్కుంటాడు, ఓసారి కుడి, ఓసారి ఎడమ. పడవను వెనక నుంచి తోయడం కాదు, ముందు నుంచి లాగడం. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద తోలు పుట్లు చూసి, పదిహేను ఇరవై మంది పడతారనీ, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయనీ రాశాడు. గుండ్రటి పడవ తిరిగే మాట నిజమే. ఈ పెద్దాయన చేతిలో మాత్రం తిరగలేదు. మా వెనక నీటి మీద గీత గుడారం దాకా తిన్నగా కనిపించింది.

గాలి లేవకముందే వెనక్కి వచ్చేశాం. గాలి ఎటు కొడితే పుట్టి అటే పోతుంది. ఒడ్డున మళ్లీ బోర్లించి, అడుగంతా వేలితో తడిమాడు. గీరుకున్న ఒకచోట తారు వెచ్చచేసి పూశాడు.

మీరు అటు వెళితే పొద్దున్నే వెళ్లండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, చెప్పులు ఒడ్డునే విడవండి.