పఠన సిఫారసు – మారుతున్న సాంకేతికత: ‘పెన్నేటి పాట’ నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు లభించాలన్నవి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో రెండు. ఈ రెండింటినీ కలిపే బాధ్యత చాలాకాలం గ్రంథపాలకునిది. నేడు ఆ పనిలో అధిక భాగం శోధన యంత్రాలకూ, ఆన్‌లైన్ పుస్తక విపణికీ బదిలీ అయింది. నగరం నుంచి చూస్తే ఇది సౌలభ్యంగానే కనిపిస్తుంది. వర్షాధార వేరుశనగను నమ్ముకున్న నల్లమాడ వంటి చోటు నుంచి చూస్తే మరోలా కనిపిస్తుంది.

కరువు సాహిత్యం కావాలని అక్కడి విద్యార్థి అడిగితే మొదట అందవలసిన వాటిలో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ ఒకటి. కట్టెలమ్మి బతికే రంగడు, అతని భార్య గంగమ్మల ఆకలి ఆ కావ్యానికి కేంద్రం. కాని శీర్షికలో ఉన్నవి ఏరు, పాట మాత్రమే. శీర్షికలోని మాటలనే వెదికే యంత్రానికి ఈ కావ్యంలోని ఎండిన నేల అందదు. కలిసి కొన్న పుస్తకాల జాడనుబట్టి సూచించే పద్ధతీ ఇక్కడ అక్కరకు రాదు. కొనుగోళ్లు తక్కువైన ప్రాంతీయ గ్రంథానికి ఆ జాడే ఉండదు. అమ్ముడుపోనిది కనబడదు, కనబడనిది అమ్ముడుపోదు.

అయితే తప్పంతా యంత్రానిదేనని తీర్పు చెప్పడం తొందరపాటు. డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యం స్థానం 894.827. అక్కడ కావ్యం ఒక అరలోకి, నవల మరో అరలోకి వెళతాయి. సేద్యం 630లలో, విపత్తుల సామాజిక చర్చ 363లో ఉంటాయి. ఒకే కరువు నాలుగు చోట్ల చెదిరిపోతుంది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ని అకాడమీ పురస్కారం పొందిన నవలగా మాత్రమే నమోదు చేసే సూచీ, అనంతపురం సీమ చరిత్రను వెదికే పరిశోధకునికి ఉపకరించదు. డిజిటల్ ప్రతుల పరిస్థితీ ఇంతే. అనేక పాత తెలుగు గ్రంథాలు రోమన్ లిపిలో, తప్పుల తడకగా రాసిన పేర్లతో, కేవలం పుటల చిత్రాలుగా ఉన్నాయి. తెలుగులో వెదికితే అవి దొరకవు.

1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. అది సీమకు రావాలంటే ముందు కాలువ ఉండాలి కదా! నేటి సాంకేతికతకు ఆ అడ్డంకి లేదు. కోహా వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిని స్వీకరిస్తుంది. మార్క్ నమోదులో 650 విషయానికి, 651 ప్రాంతానికి, 520 సారాంశానికి కేటాయించిన క్షేత్రాలు. ఒక్కో గ్రంథానికి ఎన్ని విషయశీర్షికలైనా చేర్చవచ్చు. ‘పెన్నేటి పాట’కు 650లో కరువు, ఆకలి, 651లో రాయలసీమ, 520లో రంగని బతుకు గురించి రెండు వాక్యాలు రాయడానికి యంత్రం చాలదు, ఆ కావ్యం చదివిన గ్రంథపాలకుడు కావాలి.