కోట బయట తల్లి

1967లో ఆటిజం మీద రెండు పుస్తకాలొచ్చాయి. బ్రూనో బెటెల్‌హైమ్ ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’లో బిడ్డ ఖాళీ కోట; ఆ కోటలోకి బిడ్డను నెట్టింది తల్లి నిరాదరణేనని ఆయన వాదన. క్లారా క్లెయిబోర్న్ పార్క్ ‘ది సీజ్’లోనూ కోట ఉంది. కానీ అక్కడ తల్లి బయట నిలబడి, కూతురు ఎల్లీ దగ్గరికి దారి వెతుక్కుంటూ ఎనిమిదేళ్లు గమనించింది. పండితుడు తీర్పిచ్చాడు, తల్లి చూసి రాసింది. (నా మటుకు శాస్త్రానికి దగ్గరగా ఉన్నది రెండోదే.) బెటెల్‌హైమ్ వాదం తర్వాత వీగిపోయింది.

అయినా పార్క్ వాడిన ‘ముట్టడి’ అన్న మాటతో నాకు పేచీ ఉంది. ముట్టడి అనేసరికి తల్లి వీరనారి అయిపోతుంది. ఇక ఆమె అలసట గురించి ఎవరూ అడగరు. నేరం పోయింది గానీ చాకిరీ పోలేదు. మన థెరపీ సెంటర్లలో తండ్రి పక్కనే కూర్చున్నా, “ఇంట్లో రోజూ చేయించండమ్మా” అని తల్లికే చెబుతారు.