షజ్రాలో లేని దాదీ

మా ఇళ్లల్లో వారసత్వమంటే షజ్రా, వంశవృక్షం. అందులో అన్నీ మగ పేర్లే. పైకొమ్మని అరేబియాకి ముడేస్తాం, దూదేకిన చేతుల్ని దాచేస్తాం.

మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' (1999) ఆ దాపరికాన్ని బద్దలు కొట్టింది. ఇంట్లో లేమిని నెల్లూరు జిల్లా తెలుగులో, సిగ్గుపడకుండా, నవ్విస్తూ చెప్పింది. మా బతుకూ సాహిత్యమేనని మాకు నమ్మకమిచ్చింది. అయితే అక్కడ కత చెప్పేది పిల్లాడు. ఆడపిల్ల చూసిన ఇల్లు వేరు.

ఆ ఇంటిని మేమే రాసుకోవాలి. దాదీకి తెలుగు లిపి రాదు, మనవరాలికి ఉర్దూ లిపి రాదు. దాదీ చెప్పాలి, మనవరాలు తెలుగు అక్షరాల్లో రాయాలి: వంటలు, పెళ్లిపాటలు, నిఖా కోసం చేసిన అప్పులు కూడా. ముందుగా షజ్రాలో దాదీ పేరు రాయాలి. అది లేని వారసత్వం మాకు సగమే.