దిగి ఎక్కే కొండ

కొండనడక అన్న మాటకు సాధారణంగా ఉన్న అర్థం, పొద్దున్నే ఓపిక నిండుగా ఉన్నప్పుడు ఎక్కి, పొద్దు వాలే వేళకు దిగుడు దారే గనుక అలసిన కాళ్లతోనైనా ఎలాగో నెట్టుకొచ్చి, కింద ఉన్న ఊరు చేరుకోవడం. మధ్య వియత్నాంలోని బాక్ మా జాతీయ ఉద్యానవనంలో ఈ క్రమం తిరగబడుతుంది. అక్కడ వాహనం సుమారు 19 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు మీద యాత్రికులను దాదాపు శిఖరం దాకా మోసుకెళ్లి దించుతుంది. పేరున్న కాలిబాటలు అక్కడి నుంచి ఏరు వెంట, జలపాతం వైపు కిందికి దిగుతాయి. మధ్యాహ్నం దాటి సగం ఓపిక ఖర్చయ్యాకే ఎక్కుడు మొదలవుతుంది. బాటలు స్పష్టంగా ఉన్నాయి, చాలా చోట్ల మెట్లు కట్టి ఉన్నాయి, కాబట్టి దారి తప్పుతామన్న భయం పెద్దగా లేదు. అయినా ఈ కొండ మీద గైడ్ లేని నడక సగం నడకేనన్నది ఈ కాలమ్ అభిప్రాయం. దారి తెలిసిన చోట దారి చూపేవాడి అవసరం ఏమిటన్న ప్రశ్నకు జవాబు దొరికితే, గైడ్ పనిలోని అసలు నేర్పు ఏమిటో కూడా తెలుస్తుంది.

బాక్ మా అంటే తెల్ల గుర్రం. శిఖరాన్ని ముసురుకునే మబ్బు గుర్రంలా కనిపించడం వల్ల ఈ పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. 1802 నుంచి 1945 వరకు న్గుయెన్ రాజవంశానికి రాజధానిగా ఉన్న హుయే నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, వియత్నాం-లావోస్ సరిహద్దు వెంట సాగే అన్నమైట్ పర్వత శ్రేణి ఒక పాయగా విడిపోయి హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రంలోకి దూసుకువచ్చే చోట ఈ కొండ ఉంది. 1991లో 22,031 హెక్టార్లతో జాతీయ ఉద్యానవనంగా ఏర్పడి, 2008లో 37,487 హెక్టార్లకు విస్తరించింది. శిఖరం ఎత్తు 1,450 మీటర్లే గనుక ఎత్తుల పోటీలో దీనికి చోటు లేదు. ఉత్తరాన ఉన్న ఫాన్సిపాన్ దీనికి రెండింతలకు పైనే ఉంటుంది. అయితే సముద్ర మట్టం నుంచి ఆ 1,450 మీటర్లూ దాదాపు ఒక్క ఊపున లేస్తాయి. అందుకే శిఖరం మీద ఉన్న హాయ్ వాంగ్ దాయ్ అనే మండపం నుంచి, అంటే సముద్రాన్ని చూసే వేదిక నుంచి, మబ్బు విడిన రోజున కౌ హాయ్ ఉప్పుటేటి సరస్సు, దానికి ఆవల తీరపు ఇసుక గీత, దానికీ ఆవల సముద్రం మూడూ ఒకే చూపులో అందుతాయి.

మబ్బు విడిన రోజు అన్న షరతును తేలికగా తీసుకోరాదు. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు తీరానికి వర్షాన్ని మోసుకొచ్చే నెలల్లోనే అక్కడా సముద్రపు తేమను మోసుకొచ్చి, తీరానికి అడ్డంగా నిలిచిన ఈ కొండగోడకు కొట్టుకుని, పైకి లేచి, చల్లబడి, కురిసిపోతాయి. శిఖర ప్రాంతంలో ఏటా సగటున 8,000 మిల్లీమీటర్లకు దగ్గరగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. 2025 అక్టోబరు చివరి వారంలో బాక్ మా శిఖరం మీది వర్షమాపక కేంద్రంలో 24 గంటల్లోనే 1,700 మిల్లీమీటర్లకు పైగా నమోదైంది, అంటే హైదరాబాద్‌కు రెండేళ్లు సరిపోయే వాన అక్కడ ఒక్క రోజున పడింది. అలాంటి కాలంలో కొండచరియలు విరిగి రోడ్డు మూతపడడం ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యపడవలసింది మిగిలిన నెలల గురించి: ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు పొడి కాలమని పిలిచే రోజుల్లో కూడా మధ్యాహ్నం మబ్బు కమ్ముతుంది, ఎగువన ఎక్కడో పడిన వాన దిగువన ఎండలో నడుస్తున్నవారి కాళ్ల కిందికి వచ్చి చేరుతుంది.

గైడ్ పని మొదట కనిపించేది ఇక్కడే. న్గు హో అనే కాలిబాట, అంటే అయిదు మడుగుల బాట, ఏరుతోపాటు రాళ్ల మీదుగా దిగుతుంది. ఒక మడుగు నిండి పొర్లి కింది మడుగులోకి జారుతుంది, మధ్యలో కొన్ని చోట్ల పట్టుకుని దిగడానికి తాళ్లు కట్టి ఉంటాయి. మొదటిసారి వచ్చినవారు మడుగు అందాన్ని చూస్తారు. అనుభవమున్న గైడ్ ముందు దాని అంచును చూస్తాడు. రాతి మీద నీటి మట్టానికి పైన తడి చార ఉంటే నీరు తగ్గుతోందని, చార లేకుండా పొడి రాతిని నీరు నేరుగా తాకుతుంటే మట్టం నిలకడగా ఉందనో పెరుగుతోందనో అనుమానించాలని అతనికి తెలుసు. తేటగా ఉన్న నీటిలో ఒక్కసారిగా ఆకులూ పుల్లలూ ఎక్కువైనా, రంగు కాస్త మారినా, ఫొటోలు ఆపించి అందరినీ గట్టు మీదికి రప్పిస్తాడు. నల్లగా మెరిసే రాతి మీద కాలు పెట్టనివ్వడు, ఎందుకంటే ఆ మెరుపు తడిది కాదు, నాచుది. గరుకుగా, బూడిద రంగులో ఉన్న రాయి తడిసినా పట్టు ఇస్తుంది. ఈ తేడాలు ఏ పలక మీదా రాసి ఉండవు, రాసినా నడుస్తూ చదివేవారు ఉండరు.

రెండో పని వేగాన్ని నియంత్రించడం. వియత్నాం భాషలో మెల్లగా, ఒక్కొక్కటిగా అనడానికి ‘తు తు’ అంటారు. తెలుగు చెవికి అది తూతూమంత్రాన్ని గుర్తు చేయవచ్చు గానీ, అర్థం సరిగ్గా అందుకు వ్యతిరేకం: పని హడావుడిగా ముగించేయకుండా నింపాదిగా చేయమని. దిగుడుతో మొదలయ్యే నడకలో ఈ మాటకు ఎంత విలువ ఉందో దిగేటప్పుడు తెలియదు. దిగుడులో ఊపిరి ఆడుతుంది, కబుర్లు సాగుతాయి, కాళ్లు వాటంతట అవే పరుగు తీస్తాయి. కానీ ప్రతి అడుగుకూ ఒంటి బరువును ఆపేది తొడ ముందు కండరాలు, సాగుతూనే బిగవవలసి రావడం వల్ల అవి తెలియకుండానే అలసిపోతాయి, తీరా ఎక్కవలసిన వేళకు వణుకుతాయి. కాబట్టి బృందంలో అందరికంటె బలహీనమైన మోకాళ్లు ఎవరివో కనిపెట్టి, ఆ సంగతి వారికి చిన్నతనంగా అనిపించకుండా వారిని తన వెనకే నడిపించుకుని, మిగతావారి వేగాన్ని వారి వేగానికి కట్టివేయగలవాడే మంచి గైడ్.

ఇక జలగలు. వియత్నాం భాషలో నీటి జలగను ‘దియా’ అనీ నేల మీద, ఆకుల మీద ఉండే జలగను ‘వాత్’ అనీ వేరువేరుగా పిలుస్తారు. బాక్ మాలో నడిచేవారికి పరిచయమయ్యేది రెండోది. తడి ఆకు అంచున అగ్గిపుల్లంత సన్నగా నిలబడి, అడుగుల అదురుకూ ఊపిరి వేడికీ మేలుకుని, తలను గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ, మెత్తని ఉంగరంలా ఒళ్లు వంచి చాచి వంచి చాచి బూటు మీదికి పాకుతుంది. దాని లాలాజలంలోని ఒక పదార్థం నెత్తురు గడ్డకట్టకుండా ఆపుతుంది గనుక, జలగ తాగి రాలిపోయిన తరువాత కూడా మేజోడు ఎర్రబడుతూనే ఉంటుంది. ఉప్పు, పొగాకు, మోకాలి దాకా లాగి కట్టే గుడ్డ మేజోళ్లు అన్నీ కొంతవరకే పనిచేస్తాయి.

యాత్రికులు అసహ్యించుకునే ఈ ప్రాణిని శాస్త్రజ్ఞులు సాక్షిగా పిలిచారు. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అన్నమైట్ అడవుల నుంచి సేకరించిన 25 జలగలను పరీక్షించగా 21 జలగల కడుపులో క్షీరదాల డీఎన్‌ఏ దొరికింది. వాటిలో ఒకటి ఆ శ్రేణిలో మాత్రమే ఉండే అన్నమైట్ చారల కుందేలు. ఈ జాతికి శాస్త్రీయ నామం 2000లో గానీ రాలేదు. మనుషుల కంటపడని జంతువు జలగ నోట చిక్కిందన్నమాట. ఈ విషయం తెలిసిన గైడ్ జలగను చూపిస్తూ, ఇది ఇక్కడ బతుకుతోందంటే నెత్తురున్న ప్రాణి ఏదో ఈ దారిన తిరుగుతోందని చెబుతాడు. ఆ ఒక్క మాటతో కేకలు వేస్తున్న బృందం వంగి నేలను చూడడం మొదలుపెడుతుంది.

వంగి చూడడం తప్ప ఇక్కడ వేరే మార్గం లేదు. ఎర్ర కాళ్ల డూక్ కోతులు, గిబ్బన్లు, అరుదైన నెమలి జాతి పక్షులు ఉన్నాయని పట్టికల్లో ఉంటుంది గానీ ఒక్కరోజు నడకలో వాటిని చూసేవారు తక్కువ. ‘ట్రీ సావ్’ అనే పక్షి, అంటే నక్షత్రపు చుక్కల నెమలి కోడి, పేరుతో ఇక్కడ ఒక బాటే ఉంది. మగ పక్షి తోక ఈకలు ఒకటిన్నర మీటరు దాటుతాయి, అడవి పక్షుల్లో ఇంత పొడవైన తోక ఈకలు మరి దేనికీ లేవంటారు. బాట పొడవునా నడిచినా పక్షి కనిపించకపోవచ్చు. కానీ మగ పక్షి ఆడపక్షిని ఆకట్టుకోవడానికి ఆడే చోటును తానే శుభ్రం చేసుకుంటుంది: చుట్టూ దట్టంగా రాలిన ఆకులు, మధ్యలో వాకిలి చిమ్మినట్టు ఒక్క ఆకూ లేని నేల. ఆ చిమ్మిన వాకిలిని గైడ్ చూపించగలిగితే పక్షిని చూపించినంత పనీ అయినట్టే.

జంతువులు ఇంత అరుదు కావడానికి ప్రధాన కారణం ఉచ్చు. సైకిల్ లేదా మోటారు సైకిల్ బ్రేకు తీగను ముడిగా వేసి, ఒక చివరను వంచిన లేత చెట్టుకు కట్టి, ముడిని జంతువుల కాలిదారిలో ఆకుల కింద దాస్తారు; కాలు పడగానే చెట్టును వంచి పట్టిన కొయ్య విడివడి చెట్టు పైకి లేస్తుంది, తీగ బిగుస్తుంది. పిల్లో జింకో ఏది పడినా ఉచ్చుకు తేడా లేదు. వియత్నాం, లావోస్, కంబోడియాల రక్షిత ప్రాంతాల్లో 1.23 కోట్ల ఉచ్చులు ఉండవచ్చని వరల్డ్ వైడ్ ఫండ్ ఫర్ నేచర్ 2020లో అంచనా వేసింది. 1992లో ఇదే పర్వత శ్రేణి ఉత్తర భాగాన ఉన్న వూ క్వాంగ్‌లో కొమ్ముల ద్వారా వెలుగులోకి వచ్చిన సావోలా అనే జంతువు కథ అందరికీ తెలిసినదే కాకపోయినా తెలియవలసినది. రాట్నానికి అటూ ఇటూ నిలిపే కర్రల్లా రెండు కొమ్ములూ సమాంతరంగా ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. మధ్య వియత్నాంలో అడవి కెమెరాకు 2013లో చిక్కిన తరువాత మళ్లీ ఎక్కడా ఫొటోకు అందలేదు. పొరుగున ఉన్న సావోలా అభయారణ్యాల్లో ఉచ్చులు ఏరివేయడానికి 2011 నుంచి స్థానికులతో కూడిన గస్తీ దళాలను నియమించారు. ఉచ్చు ఎక్కడ పెడతారో తెలిసినవాడే ఉచ్చును వెతకగలడన్నది ఆ ఏర్పాటులోని ఇంగితం. కొండల్లో తరతరాలుగా వేట తెలిసిన కొ తు ప్రజలు ఈ ప్రాంతంలో ఉన్నారు. విరిగిన రెమ్మను, తడి మట్టిలో సగం అడుగుజాడను చదివే విద్య వేటగాడికి, గస్తీవాడికి, గైడ్‌కు ఒక్కటే, చదివిన తరువాత చేసే పనిలోనే తేడా.

ఈ నేపథ్యంలో దక్షిణాన దనాంగ్ సమీపంలో ఉన్న బా నా కొండతో పోలిక తప్పదు, పైగా తెలుగు పర్యాటకులు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. రెండూ ఫ్రెంచి వలస పాలకులు ఎండల నుంచి తప్పించుకోవడానికి కట్టుకున్న వేసవి విడుదులే: బా నా 1919లో, బాక్ మా 1932లో మొదలయ్యాయి. బాక్ మా మీద 1945 నాటికి 139 విల్లాలు ఉండేవి, తపాలా కార్యాలయం, బజారు కూడా ఉండేవి. తరువాతి యుద్ధాల్లో రెండూ పాడుబడ్డాయి. బా నాకు 5,801 మీటర్ల కేబుల్ కార్, 2018లో రాతివిలా కనిపించే రెండు చేతులు మోస్తున్నట్టు కట్టిన బంగారు వంతెన వచ్చాయి. బాక్ మాలో విల్లాల మొండి గోడల మీద నాచు, కిటికీలలోంచి చెట్లు వచ్చాయి. వంతెన చూడాలనుకునేవారిని తప్పుపట్టనక్కరలేదు, అది చూడదగ్గదే. కానీ కేబుల్ కార్ నుంచి కిందికి చూస్తే అడవి పచ్చని కప్పులా కనిపిస్తుంది తప్ప, ఆ కప్పు కింద ఎవరైనా బతుకుతున్నారా లేదా అన్న సందేహమే రాదు. ఆ సందేహం రప్పించడానికే బాక్ మాలో గైడ్‌కు ఇచ్చే రుసుము, దారి చూపినందుకు కాదు.

వెళ్లదలచినవారు మార్చి నెలను ఎంచుకోవడం మంచిది. ఏటి గట్టున రోడోడెండ్రాన్ పూలు ఎర్రగా పూసేది అప్పుడే. ఆ పూలను అక్కడ డో క్వియెన్ అంటారు, అదే మాట ఒక కోకిల జాతి పక్షికీ పేరు, ఏరు చివర సుమారు 300 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతానికీ పేరు. మడుగుల బాట ఆ జలపాతం తలమీదికి చేరుస్తుంది. పక్కనే పాదం దాకా మెట్లు ఉన్నాయి. దిగే ముందు గైడ్ వాచీ చూసుకుని, ఆకాశం చూసి, బృందంలోని మోకాళ్లను మరోసారి చూసి, కొందరిని పైనే ఆగమనవచ్చు. ఆ మాట వినాలి. మెట్లు 689. వాహనం ఆగి ఉండేది పైనే.